ఏం కూర?

మా అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. చేర్యాలలో పొద్దున తొమ్మిదైతే టోక్యోలో పన్నెండున్నర. బాగున్నవా, పని ఎట్లున్నది లాంటివన్నీ తర్వాత. మొదటి మాట మాత్రం "ఏం కూర బిడ్డా?"

సుషీ తిన్న రోజు ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కూర ఉండదు కదా. "బువ్వ ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇస్తరమ్మా" అన్నాను మొదటిసారి. "ఉడికిచ్చిందేనా?" అంది. కాదన్నాను. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "పోనీ, ఇంత ఉప్పు కారమన్న ఏస్తరా?"

నేను నిషి కసాయికి వచ్చి ఏడేళ్ళయింది. ఎదొగావా వార్డులో తోజాయి లైను మీద స్టేషను అది. 2000 ప్రాంతంలో వైటూకే పనుల మీద వచ్చిన మనవాళ్ళు ఇక్కడే పాతుకుపోయారు. కందిపప్పుకూ చింతపండుకూ కొదవ లేదు. అందుకే పదేళ్ళుండి కూడా సుషీ ముట్టకుండా ఇంటికి తిరిగి వెళ్ళేవాళ్ళున్నారు. మొదటి ఏడాది నేనూ అంతే. ఆఫీసు వాళ్ళతో వెళితే దోసకాయ చుట్టిన కప్పా మాకి, తియ్యటి గుడ్డట్టు పెట్టిన తమగో, ఆ రెండే. కాకపోతే బెల్టు మీద పళ్ళేలు తిరిగే దుకాణం నాకు వెంటనే నచ్చింది. భాష రాకపోయినా ఫరవాలేదు, ముందుకొచ్చింది తీసుకోవడమే. 1958లో ఒసాకా పక్కన షిరాయిషి యోషియాకి అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు, బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద పోతుంటే చూసి. పెళ్ళి బంతిలో చివర కూర్చుని, మాంసం బొచ్చె మన దాకా వస్తుందో రాదో అని మెడ సాచి చూసినవాళ్ళకు ఆ బెల్టు విలువ తెలుస్తుంది.

పచ్చి చేపల్లో మొదట నోట పెట్టింది సాల్మన్. ఎన్ని వందల ఏళ్ళ ఆచారమో అని భక్తిగా తిన్నాను. తీరా చూస్తే జపాన్ వాళ్ళే సాల్మన్‌ను పచ్చిగా తినేవాళ్ళు కాదట. 1980లలో నార్వే వాళ్ళు వచ్చి, తమ చేప అమ్ముకోవడానికి వీళ్ళకు అలవాటు చేసి పోయారు.

ఒక ఏడాది బోనస్ వచ్చిన ఊపులో పెద్ద దుకాణానికి కూడా వెళ్ళాను. పేరెందుకు గానీ, ఎనిమిది కుర్చీలు, దేవదారు బల్ల, గుసగుసలు. సోయాసాస్‌లో చేప వైపు ముంచాలి, నేను అన్నం వైపు ముంచాను. ముద్ద విడిపోయి మెతుకులు సాస్‌లో తేలాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఇంకా గుచ్చుకుంటుంది. అన్నం తినడానికి భయపడింది నా జన్మలో ఆ ఒక్క పూటే. బిల్లు సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

నా దుకాణం వేరే ఉంది. రైలు వంతెన కింద, కుర్చీల్లేని చోటు. పదిమంది భుజాలు రాసుకుంటూ నిలబడి, ఇరవై నిమిషాల్లో తిని పోతారు. అక్కడ చేత్తో తినొచ్చు, అదే మర్యాద కూడా. నిగిరి అంటే గుప్పిట పట్టి నొక్కడమే. మనం ముద్ద అనే మాటకు చాలా దగ్గర. అన్నం ఒంటి వేడిలో ఉంటుంది. పైన తునా కొవ్వు ముక్క పెడితే పక్కవాళ్ళు కళ్ళు మూసుకుంటారు గానీ నాకు కొహాదా కావాలి. వెండి పొట్టు మీద నల్ల చుక్కలున్న చిన్న చేప, ఉప్పులో ఊరేసి వెనిగర్‌లో ముంచి తీస్తారు. చౌక. పుల్లన. నేను రోజూ అదే అడుగుతుంటే కత్తి పట్టిన పెద్దాయన ఒకరోజు ఎందుకని అడిగాడు. పుల్లగా ఉంటుందని, అన్నాను.

ఆయన నవ్వి ఒక మాట చెప్పాడు. ఒకప్పుడు సుషీ అంటేనే పులుపట. అన్నం తనంతట తను పులిసేదాకా నెలలు ఆగేవాళ్ళు. ఎదో అనే పేరున్న నాటి టోక్యో జనానికి అంత ఓపిక లేక వెనిగర్ కలిపారు. ఆ తర్వాతే, 1820లలో, హనాయా యోహేయి లాంటివాళ్ళు బండి మీద పెట్టి అప్పటికప్పుడు నొక్కి ఇవ్వడం మొదలుపెట్టారు. "అసలుది తినాలంటే బీవా సరస్సుకు పో. ఫునాజుషి అడుగు. కంపు కొడుతుంది," అన్నాడు. అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి.

ఫిబ్రవరి 11న సెలవు కలిసొచ్చి బయలుదేరాను. క్యోటోలో ఒక పగలు, ఒక రాత్రి. గుళ్ళు చూశాను, చలి వేసింది.

అక్కడి నుంచి సరస్సు పడమటి గట్టు వెంట ఉత్తరానికి కోసేయి లైను. హిరా కొండల మీంచి సరస్సు వైపు దూకే గాలికి ఈ లైను తరచూ ఆగిపోతుందని ముందే విన్నాను. మేమూ ఆగాం, గంటన్నర. పెట్టెలో అందరూ పుస్తకాలు తీసుకున్నారు. నేను కిటికీకి ముఖం ఆనించి సరస్సును చూస్తూ కూర్చున్నాను. ఇటువైపు అలలు, అటువైపు మంచు పట్టిన కొండలు. 670 చదరపు కిలోమీటర్లట. చెరువు అంటే నాకు కట్ట ఉండాలి, తూము ఉండాలి, మత్తడి దుంకాలి. దీన్ని చెరువు అనడానికి నోరు రాలేదు. ఆ ఆదివారం కొమురెల్లిలో మల్లన్న జాతర. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మా వైపు ఆదివారాలన్నీ ఆ దేవుడివే. అమ్మ ఫోన్‌లో డోలు చప్పుడు వినిపించింది. "ఏం కూర?" అంటే, రైలు ఆగింది, ఇంకా తినలేదన్నాను.

మకినోలో దిగి కైజు అనే పల్లెకు చేరేసరికి చీకటి పడింది. నీళ్ళ అంచునే రాతి గోడలు, ఆ గోడల మీద ఇళ్ళు. నేను దిగిన చిన్న సత్రంలో ఆ రాత్రికి నేనొక్కడినే. ఇంటావిడకు డెబ్బై దాటి ఉంటాయి. చేర్యాల నుంచి తెచ్చి పెట్టుకున్న ముఖాల జత ఆమె చేతిలో పెట్టాను. గీత గౌడ దంపతులు. రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి చేసినవి. ఎవరికైనా ఇద్దామని ఏడేళ్ళుగా దాచినవి, మంచి చేతుల్లోనే పడ్డాయి. ఎర్రటి ముఖాలు చూసి "కోపంగా ఉన్నారా?" అని అడిగింది. కల్లు తాగారు, అన్నాను. ఆమె కూడా రెండు చిన్న గిన్నెల్లో సాకే పోసి తెచ్చింది.

అప్పుడొచ్చింది ఫునాజుషి. వేలెడు పొడవు పళ్ళెంలో ఆరు ముక్కలు, కాగితమంత పలచగా. చేపను అడ్డంగా కోస్తే మధ్యలో నిండా నారింజ రంగు జన, చుట్టూ సన్నటి మాంసం, దాని చుట్టూ పెరుగన్నంలా మెత్తబడ్డ తెల్లటి పూత. ముక్క మూతి దాకా రాకముందే వాసన తెలిసిపోయింది. నాకు కంపు అనిపించలేదు. మా నాయనమ్మ కలి కుండ మూత తీసినప్పటి వాసన అది. ఎండాకాలం పొద్దున్నే సద్దన్నం కోసం కుండ ముందు కూర్చుంటే ముక్కులోకి కొట్టే ఆ పులుపు. దాని వెనక, కాస్త దూరంగా, చెరువు.

మొదటి ముక్కకు దవడలు గుంజుకుపోయాయి. ఉప్పు, వెంటనే పులుపు, ఆ తర్వాత జన మెల్లగా కరుగుతూ ముదిరిన వెన్నలాంటి కమ్మదనం. ముల్లు ఎక్కడుందో వెతికాను, లేదు, పులుపుకు మెత్తబడిపోయింది. రెండో ముక్కకు సాకే గుటక. మూడోది తినకుండా కాసేపు చూస్తూ కూర్చున్నాను. "విదేశీయులు మొదటి ముక్క దగ్గరే ఆపేస్తారు," అంది ఇంటావిడ. మా ఇంట్లో అన్నం రోజూ పులుస్తుందని చెబితే నమ్మలేదు. కుండలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచుతాం, పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటాం అని చేతులతో అభినయించాను. "చేప వేయరా?" అంది. లేదన్నాను. ఎందుకు వేయరని అడిగింది.

నిజమే, ఎందుకు వేయరు? చెరువు ఉంది, చేప ఉంది, పులిసిన బువ్వ ఉంది. ఎండు చేపల కూర వండుకుంటాం, కలి తాగుతాం. రెండూ ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో. ఒకే కుండలో ఎన్నడూ కలవలేదు. ఇషిగే నావోమిచి అనే ఆహార పరిశోధకుడు ఈ పద్ధతి మెకాంగ్ నది వైపు వరి పొలాల్లో పుట్టి ఇక్కడికి వచ్చిందంటాడు. ఇక్కడ మాత్రం చాలా పాతది. 927లో పూర్తయిన ఎంగిషికి అనే శాసన గ్రంథంలో, రాజ్యానికి పన్నుగా కట్టాల్సిన సరుకుల్లో సుషీ ఉంది. మత్తడి కింద వరి వేసుకుని, చెరువులో వల వేసుకునే జనం చేసుకున్న తిండే ఇది. టోక్యో బల్లల దగ్గర ఇన్నేళ్ళు నేను బెదిరిపోయిన సుషీకి ముత్తవ్వ మా నాయనమ్మ లాంటి మనిషే అని తెలిశాక మూడో ముక్క ధైర్యంగా తిన్నాను.

చేసే తీరు ఇంటావిడ గంటసేపు చెప్పింది. నిగోరోబునా అనే చేప ఈ సరస్సులో తప్ప ఎక్కడా పుట్టదు. వసంతంలో గుడ్లు పెట్టడానికి గట్టున రెల్లులోకి వస్తుంది, అప్పుడు పట్టాలి. పొలుసు గీకుతారు. కడుపు కొయ్యరు, జన చెదురుతుంది కదా. మొప్ప తీసేసి, ఆ సందులోంచి వంకీ తీగ పెట్టి పేగులు లాగుతారు. తర్వాత ఉప్పులో పూడ్చి నెలల తరబడి ఉంచుతారు. జూలై ఎండలకు బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, వండిన అన్నం మొప్ప సందులో కూరి, కర్ర తొట్టిలో ఒక వరస అన్నం, ఒక వరస చేపలు. పైన మూత, మూత మీద రాళ్ళు, గాలి తగలకుండా నీళ్ళు. తక్కువలో తక్కువ కొత్త సంవత్సరం దాకా దాని జోలికి పోకూడదు. ఈ తొట్టి అత్తగారిదట. "ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు. తొట్టి మాత్రం ఇంకా నా మాట వినదు," అంది.

ఇప్పుడు చేప కరువు. ఒక్కోటి వేల యెన్లు పలుకుతుంది. రెల్లు తగ్గింది, పరాయి చేపలు వచ్చి పిల్లల్ని మింగుతున్నాయి. వాటిలో బ్లూగిల్ అనే చేపను 1960లో అమెరికా నుంచి తెచ్చింది అప్పటి యువరాజు అకిహితో. చేపల మీద పరిశోధన చేసే మనిషి, తిండికి పనికొస్తుందని తెచ్చాడు. చక్రవర్తి అయ్యాక, 2007లో, ఈ సరస్సు దగ్గరికే వచ్చి మనసు నొచ్చుకుంటున్నానని అందరి ముందూ చెప్పాడు. ఇంటావిడ ఆ సంగతి చెబుతూ ఆయన్ని తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. బ్లూగిల్ వేపుడు బాగానే ఉంటుందంది.

ఇంకొకటి కూడా చెప్పింది. పాతరోజుల్లో ఆ చేపలు వానలకు కాలువలెక్కి వరి మళ్ళలోకి వచ్చి గుడ్లు పెట్టేవట. ఇప్పుడు కాలువలు మడి కన్నా బాగా లోతుగా తవ్వడంతో, చేపలెక్కడానికి వాటిలో మెట్లు పెడుతున్నారు. నాకు మిరుగం, అంటే మృగశిర కార్తె, గుర్తొచ్చింది. తొలి వానకు ఎదురెక్కే చేపలను మడి మధ్యన తువ్వాలతో పట్టడం. నాకు తొమ్మిదేళ్ళు.

పొద్దున మిగిలిన రెండు ముక్కలు వేడి అన్నం మీద పెట్టి, పైన టీ పోసి ఇచ్చింది. రాత్రి పులుపంతా ఆ నీళ్ళలోకి దిగి చారైంది. గిన్నె ఎత్తి తాగాను. ఏడేళ్ళలో నేను తిన్న వాటిలో అంతకు మించింది లేదు.

తిరుగు ప్రయాణం గుర్తు లేదు.

జూన్‌లో చేర్యాల వెళ్ళాను. 2016లో జిల్లాలు మారినప్పుడు మా ఊరు వరంగల్ నుంచి సిద్దిపేటకు వచ్చింది గానీ మిరుగం తేదీ మారలేదు. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. చెరువు కట్ట మీద పొద్దున్నే మంది. మా ఇంటి వెనక ముదిరాజుల పెద్దాయన, నేను మామా అని పిలిచే మనిషి, తరాజు ముందు కూర్చున్నాడు. ఆయన చిన్నప్పుడు కాకిపడగల వాళ్ళు మా ఊళ్ళో రాసిన పటం విప్పి రాత్రంతా పాండవుల కథ చెబుతుంటే ముందు వరసలో నిద్రపోయేవాడట. ఫోన్‌లో ఫొటోలు చూపించి మొత్తం కథ నేను చెప్పాను. ఈసారి నిద్రపోలేదు.

"కడుపు కొయ్యకుంట పేగు ఎట్ల తీస్తర్రా?"

మొప్పలోంచి అన్నాను. ఒక బొచ్చె చేపను తీసుకుని, మొప్ప ఎత్తి, వేలు దూర్చి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. కొనడానికి వచ్చినవాళ్ళు నిలబడే ఉన్నారు.

"బొచ్చెతోని గాదు. మస్తు పెద్దగైతది. పరకలైతే ఆగుతయి. మీ అమ్మనడిగి మూతున్న కుండొకటి తే. ఉప్పు నేను తెస్త."

ఇంటికొచ్చి అమ్మనడిగాను. పులుసులో చింతపండు పిసుకుతోంది. చెయ్యి తీయకుండానే, "నా కుండ ముట్టిండ్రంటే సూడుండ్రి ఇద్దరు" అంది.