గ్యాసు గొట్టం మందం – ఇళ్ల లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కష్టపడి చదవండి, పైకి రండి అని రాయడానికి మన సీనియర్లు చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్లకే వదిలేసి నేను రోజూ చేసే పని గురించి రాస్తాను. నాది సహజవాయువు పైపులైన్ల డిజైను. పోయినసారి హాస్టలుకు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు "గొట్టం గొట్టమే కదన్నయ్యా, అందులో డిజైను ఏముంటుంది?" అన్నాడు. ఇది వాడికి జవాబు.

గ్యాసును ఒత్తిడితో నెడితేనే వందల కిలోమీటర్లు పోతుంది. కారు టైరులో రెండు బార్ల చిల్లర గాలి ఉంటే, మా గొట్టాల్లో 50 బార్లు, అంతకు పైన కూడా ఉంటుంది. ఆ ఒత్తిడి గొట్టాన్ని లోపలి నుంచి చీల్చాలని చూస్తుంది. దానికి తట్టుకునే మందం ఎంతో చెప్పేది బార్లో సూత్రం: ఒత్తిడిని వ్యాసంతో గుణించి, ఉక్కు బలానికి రెట్టింపుతో భాగించాలి. 18 అంగుళాల గొట్టం, అంటే 457 మిల్లీమీటర్లు. 50 బార్లంటే 5 మెగాపాస్కళ్లు. ఉక్కు బలం 359 మెగాపాస్కళ్లు అనుకోండి. 3.18 మిల్లీమీటర్లు వస్తుంది. పదో తరగతి వాళ్లు కట్టి చూసుకోవచ్చు.

అంత పలచని గొట్టం ఎవరూ వేయరు. దాన్ని 'డిజైన్ ఫ్యాక్టర్' అనే అంకెతో మళ్లీ భాగించాలి. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలిసిన రోజున నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం పెరిగింది. అది ఉక్కును బట్టి రాదు, గ్యాసును బట్టీ రాదు. చుట్టూ ఉన్న ఇళ్ల లెక్కను బట్టి వస్తుంది.

అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం వారి బి31.8 కోడ్ ప్రకారం, లైను మధ్యలో ఉండేలా సుమారు 400 మీటర్ల వెడల్పు, 1.6 కిలోమీటర్ల పొడవు గల పట్టీ గీసి అందులో జనం ఉండే కట్టడాలు లెక్కపెడతారు. పదో అంతకు తక్కువో ఉంటే మామూలుగా ఫ్యాక్టరు 0.72, మందం 4.42 మిల్లీమీటర్లు. 11 నుంచి 45 దాకా అయితే 0.60. 46, ఆపైన ఉంటే 0.50, మందం 6.36. అంతస్తుల మేడలు నిండిన చోట 0.40, మందం దాదాపు 8. జనం పెరిగేకొద్దీ గొట్టం మందమవుతుంది.

ఆ లెక్కలో రెండంతస్తుల మేడా ఒకటే, తాటాకు ఇల్లూ ఒకటే. ఒకే కప్పు కింద రెండు కాపురాలుంటే రెండు. ఇది మనకెందుకంటే, లైను వేసేటప్పుడు ఊరిని తప్పించి తీసుకుపోతారు. ఊరిని తప్పిస్తే తగిలేది ఊరి చివర. ఊరి చివర ఎవరి పేటలుంటాయో ఈ సంచిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

"మరి మన హాస్టలు? వందమందిమి ఉన్నా కప్పు ఒక్కటే కదా" అన్నాడు మళ్లీ వాడే. మంచి ప్రశ్న. దానికీ కోడ్‌లో జవాబుంది. బడి, ఆసుపత్రి, హాస్టలు లాగా 20 మందో అంతకన్నా ఎక్కువో తరచుగా కలిసి ఉండే చోటుంటే, ఇళ్లు తక్కువున్నా 46 ఇళ్ల చోటుకు వేసే మందం చూడాలి. మ్యాపులో చిన్న గడిలా కనిపించే కట్టడం హాస్టలని గుర్తుపట్టడం మాత్రం సర్వేకి వెళ్లినవాడి పని. నేను వెళ్తే ముందు హాజరుపట్టీ అడుగుతాను.

ఇంత లెక్కకట్టి వేసిన మందం కూడా అలాగే ఉండిపోదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా (ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా) నగరం గ్రామంలో గ్యాసు లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. విచారణలో తేలింది తుప్పు. తడి గ్యాసులో నీరు, కార్బన్ డయాక్సైడు కలిస్తే ఆమ్లం పుడుతుంది. గొట్టం కాలవ కిందికి దిగి మళ్లీ పైకి లేచే చోట్ల ఆ నీరు అడుగున నిలిచి ఉక్కును తినేస్తుంది. కాలవలు లేని కోనసీమ ఎక్కడుంది? అందుకే గ్యాసును ముందే ఆరబెట్టాలి. 'పిగ్' అనే పరికరాన్ని గొట్టంలో పంపి నీటిని తోసేయాలి, మందం కొలిపించాలి. బయటి తుప్పుకు పూత, దానికి తోడు సన్నని కరెంటు రక్షణ ఉంటాయి. వీటిలో ఏది ఖర్చని వాయిదా వేసినా ఆ ఖర్చు ఊరు కడుతుందని నా అభిప్రాయం.

ఇళ్ల లెక్కా మారుతుంది. గొట్టం పాతినప్పుడు ఎనిమిది ఇళ్లున్న చోట ఇప్పుడు పట్టాలిచ్చిన కాలనీలో అరవై ఉండొచ్చు. అప్పుడు లెక్క మళ్లీ చూసి, ఆ మందం చాలకపోతే ఒత్తిడైనా తగ్గించాలి, గొట్టమైనా మార్చాలి. 1962 నాటి చట్టం ప్రకారం లైను మీది పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పట్టీ పక్కన కాలనీ లేవడం మాత్రం మామూలే.

మీ ఊళ్లో పైపులైను గుర్తురాళ్లు ఉంటే ఈ సెలవుల్లో వెళ్లి చూడండి. కిలోమీటరు నంబరు, ఫోను నంబరు రాసుకోండి. రెండు వైపులా 200 మీటర్ల లోపు ఇళ్లెన్నో లెక్కపెట్టండి. బడి, అంగన్‌వాడీ ఉంటే వేరే రాయండి. గడ్డి కారణం లేకుండా ఎండినా, నీళ్లలో బుడగలు వస్తున్నా దూరంగా జరిగి, అక్కడ అగ్గిపుల్ల గీయకుండా, ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఇళ్ల లెక్కను తెల్లకాగితం మీద అర్జీగా రాసి ఒకటి కంపెనీకి, ఒకటి కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే నాకు రాయండి. నా అడ్రసు వార్డెన్‌గారి దగ్గరుంది.