రావివలస జాతరలో మా ఆట

2024 కార్తికమాసమున ఒక సోమవారమునాడు మేము టెక్కలికి చేరువనున్న రావివలసకు పోయితిమి. అచట ఎండల మల్లికార్జునస్వామివారు గుడికప్పు లేక ఎండలోనే వెలసియున్నారు. దర్శనము మా పయనమునకు ఒక కారణము. రెండవది చెప్పుటకు కొంచెము సిగ్గగుచున్నది: నేను కల్పించిన ఒక ఆటను ఆ జనసమ్మర్దమున అమ్మజూచితిమి.

ముందునాడు పలాసలో బంధువుల ఇంట దిగితిమి. పలాస, కాశీబుగ్గలలో జీడిపరిశ్రమయే ముఖ్యము. పిక్కలు ఒలుచువారిలో చాలమంది స్త్రీలే. అటనుండి సముద్రమువైపు పోయినచో ఉద్దానము. ఉద్యానమను మాటయే అట్లు మారినదందురు. ఆ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలను చూచినవారు కాదనలేరు. కాని 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలితో పలాస చెంతనే తీరము దాటి, ఆ తోటలను నేలగూల్చినది. మేము పోయిన దారిలో పెద్దచెట్ల నడుమ లేతకొబ్బరులు పంక్తులు తీరియున్నవి.

ఇక నా ఆట. వైకుంఠపాళి, పచ్చీసు మనమెరిగినవే. వానిలో మన కాయ కదలునుగాని మనము మనముగానే యుందుము. అమెరికాలో 1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటయందు అట్లు కాదు. ఆడువారొక్కొక్కరు ఒక పాత్రను పూని, తామేమి చేయుదురో చెప్పుచుందురు. ఒకరు కథ నడుపుదురు. సంశయము కలిగినచోట పాచికలు తీర్చును. హరికథయు జూదమును కలిసినట్లు నాకు తోచినది. మా వారి బడిపిల్లలకై ఆ పద్ధతిని మన తీరమునకు తెచ్చితిని. పాత్రలు నాలుగు: జాలరి, కొబ్బరితోట కాపు, జీడిపిక్కలు ఒలుచు ఇల్లాలు, నౌపడ ఉప్పుమడుల కూలి. కథ తుపానునాటి రాత్రి మొదలగును. పాచికలకు బదులు గవ్వలు. పటము, గవ్వలు, నియమపత్రము కలిపి వెల 150 రూపాయలు. 12 కట్టలు మోసికొనిపోయితిమి.

గుడిదారిలో చెట్టునీడను దుప్పటి పరచితిమి. మా వారు పాఠము చెప్పు గొంతుతో నియమములు వివరింపసాగిరి. విన్నవారు విన్నట్లే గాజుల అంగడికి పోయిరి. గంటసేపటికి ఒక్క కట్టయు పోలేదు. అప్పుడు వారిని టీ త్రాగి రమ్మని పంపి (ఇది వారు చదువుదురని ఎరిగియే వ్రాయుచున్నాను), ఇద్దరు పిల్లలను కూర్చుండబెట్టి, నియమమొక్కటియు చెప్పక, "నీవు జాలరివి. గాలి హోరెత్తినది. పడవ ఒడ్డుననున్నది. ఏమి చేసెదవు?" అని అడిగితిని. "తాడుతో కట్టేస్తాను" అనెను పిల్లవాడు. గవ్వలు వేసితిమి, తాడు తెగెను. వాని కేకకు పదిమంది మూగిరి. నాటి అమ్మకమంతయు అటుపిమ్మటిదే.

కాపు పాత్రకు ఉద్దానమునుండి వచ్చిన ఏబదియేండ్ల యామె కూర్చుండెను. తుపాను వెలిసిన పిమ్మట నేను నియమము చదివితిని: "రెండు వంతులు గడచినవి. తోట మరల కాపునకు వచ్చినది."

ఆమె గవ్వలు క్రింద పెట్టెను. "రెండు వంతులకే కాపేటమ్మా? మా చెట్లు పడి ఆరేళ్లయింది. నాటినవి ఇంకా కాయ కాయలేదు. అంతవరకు ఏటి తిన్నామో అడగవేటి?"

అడిగితిని. పడిన మానులను కోయించుటకే అప్పు. కొడుకు పనికై దూరదేశము పోయినాడు. తాను జీడిపిక్కలు ఒలిచినది. పిల్లలు కదలక వినిరి. విసుగుదురని నేను ఆ రెండు వంతులు వ్రాసితిని. తోట ఊరకే పచ్చబడినచో తక్కిన ముగ్గురు ఆమెకు తోడ్పడవలసిన పనియేమి? ఆట మొదలు కావలసినచోటనే నేను దానిని ముగించితిని.

"ఒలుపుకు పోతాను, గవ్వలు వెయ్యి" అని ఆమెయే మరల ఎత్తుకొనెను. ఇంకొక గంట ఆడితిమి. వెల అడిగి, నవ్వి, కొనకయే లేచినది. ఊరకే ఇచ్చెదనన్నను పుచ్చుకొనలేదు.

5 కట్టలు అమ్ముడుపోయినవి, తప్పు నియమముతోనే. కొన్నవారెవరైన ఈ పత్రిక చదివినచో దిద్దుకొనవలెనని ప్రార్థన. పలాస స్టేషనులో రైలునకు ఇంకను వేళ యుండగా, మిగిలిన 7 పత్రములు ముందు పెట్టుకొని ఆ పంక్తిని కొట్టివేసి, "ఆరు సంవత్సరములు, ఏటేట ఎట్లు గడపుదురో అందరు కలిసి చెప్పవలెను" అని వ్రాసితిని. ఏడవదానికి వచ్చుసరికి మా వారి కలములో సిరా అయిపోయెను.