దిగులు వేసిన లెక్క

మా అనంతపురం సీమలో వాన రాదని పందెం కాసినవాడే తరచుగా గెలుస్తాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఉద్యోగం చేసిన నాకు, దిగులుగా ఉండే మనిషే లోకాన్ని ఉన్నదున్నట్లు చూస్తాడన్న నమ్మకం చాలాకాలం ఉండేది.

ఆ నమ్మకానికి శాస్త్రం మద్దతు కూడా దొరికింది. 1979లో అమెరికాలో అల్లాయ్, అబ్రామ్సన్ అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక బొత్తం, ఒక ఆకుపచ్చ దీపం ఇచ్చి పరీక్షించారు. బొత్తానికీ దీపానికీ సంబంధం లేకపోయినా, డబ్బు కలిసివచ్చినప్పుడు దిగులు లేనివారు అదంతా తమ చేతి మహిమే అనుకున్నారు. దిగులున్నవారు మోసపోలేదు. అయితే 2022లో ఇతర పరిశోధకులు మరింత ఎక్కువమందితో తిరిగి పరీక్షించగా ఆ తేడా కనబడలేదు. నాకు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక నేత కార్మికుడు ఈ పాఠం నేర్పాడు.

తలనొప్పి అని వచ్చాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుందన్నాడు. పట్టు ధర, చీరకు వచ్చే కూలి, అప్పు, వడ్డీ వరుసగా చెప్పాడు. నేనూ మనసులో కూడి చూశాను. ఒక్క అంకె తప్పలేదు. ఇన్ని కష్టాలుంటే ఎవరికి దిగులుండదు అనుకొని, బలానికి మాత్రలు వ్రాసి పంపివేశాను. నిద్ర సంగతి విన్న వైద్యుడు చేయవలసిన పని అది కాదు.

గడప దాటబోతూ అతని భార్య వెనుదిరిగింది. "బిడ్డ ఒళ్లో కూర్చుంటే దించేస్తాండాడు సార్."

మళ్లీ కూర్చోబెట్టి, చచ్చిపోవాలనిపిస్తోందా అప్పా అని సూటిగానే అడిగాను. (అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ.) "నేను లేకుంటే వీళ్లకు ఒక కంచం తగ్గుతుంది సార్" అన్నాడు. వడ్డీ లెక్క చెప్పిన గొంతుతోనే చెప్పాడు. ఆ లెక్క మాత్రం పూర్తిగా తప్పు. అతడు పోతే ఆగేది మగ్గం. అప్పు ఆమె మీద పడుతుంది. మొదటి లెక్క నిజం కాబట్టే, దాని వెంట ఈ అబద్ధం కూడా నిజంలా వచ్చి కూర్చుంది.

కుంగుబాటుకు మందు మొదలుపెట్టాను. ఆ మందు మోతాదు మించితే ప్రమాదకరం కనుక, వారానికి సరిపడా మాత్రలే ఆమె చేతికి ఇచ్చి, పురుగుమందు ఇంట్లో ఉంచవద్దన్నాను. ఈనాడైతే అటువంటివారు 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆరు వారాల తరువాత బిడ్డను ఎత్తుకొని వచ్చాడు.

"అప్పు అట్లే ఉంది సార్. నిద్ర పడతాంది."