కటింగుకి ఎంత?

మొన్న నల్గొండ దగ్గర మా ఊరెళ్ళా. తాత మంచం దిగలేడు. ఇళ్ళకొచ్చి కటింగ్ చేసే కాకకి ఫోన్ చేస్తే నూట యాభై అన్నాడు.

"దుకాణంలో వందే కదా కాకా?"

"దుకాణం మీ ఇంటికి నడిచొస్తదా బిడ్డా?"

నోరు మూతపడింది. క్లయింటు నా ఎస్టిమేట్లో రెండు గంటలు తగ్గిస్తే వారం రోజులు గింజుకునేది నేనే మరి!

తాత రోజుల్లో ఏడాదంతా క్షవరం చేయించుకుని, పంటొచ్చాక కల్లం దగ్గర వడ్లు కొలిచి ఇచ్చేవాళ్ళట. కొలిచే చెయ్యి మనదే. రేటు చెప్పే నోరు వాళ్ళకెక్కడిది? 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సెలూన్లకి నెలకి 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చారు. దుకాణమే లేని కాకకి మీటరెక్కడ?

సిగ్గేసి రెండొందలిచ్చా. యాభై తిరిగిచ్చేశాడు.

"నా రేటు నూట యాభై" అన్నాడు.

ఈసారి అప్రైజల్లో ఆ గొంతుతో మాట్లాడగలనా అని ఆలోచిస్తున్నా...