ఉద్దానములో ఒక దినము

పలాస దాటి ఇచ్ఛాపురము వైపు సాగు రాజమార్గమునుండి సముద్రపు దిక్కునకు మరలిన కొలదిని కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు దారికి ఇరుప్రక్కల క్రమ్ముకొని వచ్చును. ఇంత పచ్చని ఉద్దానపు సీమలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో, మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ఇండ్లను గుల్లచేయుచున్నదని ఎరిగియే పోయితిని గాని, ఆ నీడన నడచినంతసేపు నమ్మ బుద్ధి పుట్టలేదు. మధుమేహమైనను, రక్తపుపోటైనను మునుపెన్నడు నెరుగని సేద్యగాండ్రకు సైతము ఇది దాపురించుట వైద్యులకు చిక్కుముడి యైనది. నీటిలోని సిలికా యని కొందరు, పురుగుమందులని కొందరు, చాలినంత నీరు త్రాగక ఎండలో చేయు శ్రమ యని మరికొందరు చెప్పుదురు. ఇదమిత్థమని నేటికిని తేలలేదు. హిరమండలము జలాశయమునుండి త్రాగునీటి పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి.

అచటి ఒక డయాలిసిస్ కేంద్రమునకు నేను పోవునప్పటికి ఉదయపు జట్టువారు పడకలెక్కి యుండిరి. ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టిన చోట రెండు సూదులు గ్రుచ్చగా, ఒకదానినుండి వెడలిన రక్తము యంత్రపు వడపోతలో శుద్ధమై రెండవదానిగుండ మరల దేహమును చేరుచుండెను. ఒక్కొక్క విడత నాలుగు గంటలు. అంతటి వ్యవహారము జరుగు చోట గంభీరమైన నిశ్శబ్దము నెలకొని యుండునని తలచితిని. అచట వినవచ్చినది జీడిపిక్కల ధరను గూర్చియు, ఎవరి మేనకోడలికో కుదిరిన సంబంధమును గూర్చియు సాగుచున్న వాదము.

కాశీబుగ్గ జీడి కార్ఖానాలో పనిచేయు ఒకామె తన వారమును ఇట్లు పంచి చెప్పెను: "మూడు రోజులు మిషనుకి, మూడు రోజులు పిక్కలకి, ఆదివారం నాకు." సూదులు గ్రుచ్చు చేతితో బరువు లెత్తరాదు కదా యని నేను సందేహింపగా, "పప్పు మీద పొట్టు బరువేటి బాబూ?" అని నవ్వెను. ప్రభుత్వము నెలకు ఇచ్చు 10,000 రూపాయల పింఛను మందులకును ఆటో బాడుగకును పోవునట. పిక్కల డబ్బు మాత్రము మనుమరాలి చదువుకు.

వ్యాధిగ్రస్తులు ధైర్యము చూపి మనకు స్ఫూర్తి నొసగవలెనని కోరుకొనుట సందర్శకుల దురాశ. వారు అందుకై బ్రతుకుటలేదు. అయినను నాకు ఆశ కలిగించిన దృశ్య మొకటి యున్నది, అది తూకపు యంత్రము వద్ద జరిగినది. మూత్రము సరిగా వెడలని దేహములో రెండు విడతల నడుమ నిలిచిన నీరే బరువై తేలును గనుక, పడక నెక్కుటకు మునుపు ప్రతివారును తూగవలెను. మధ్యాహ్నపు జట్టులోని యువకుడొకడు మూడు కిలోలు హెచ్చి రాగా, నర్సు కంటె ముందు తోటివారే అతనిపై విరుచుకుపడిరి. "పెళ్లికెళ్లి పులుసంతా నువ్వే తాగేసినావేట్రా?" అని ఒక వృద్ధుడు గద్దించెను. అతడు తల గోకికొనుచు, ఎండుగొంతుకు మంచుముక్క చప్పరించు కిటుకు నడిగి తెలిసికొనెను. వచ్చు వారమునకు ఉండడని తలచినవానిని ఎవరును అట్లు కోపింపరు. అచ్చటి పడకలలో కొన్నిటి పాతవారు ఇప్పుడు లేరు. వారి మాటయు అదే గొంతుకతో, దాపరికము లేక వచ్చును.

సాయంకాలము ఒక కొబ్బరి రైతు తన తోటకు రమ్మనెను. 2018 అక్టోబరు 11వ తేదీన తీరము దాటిన తిత్లీ తుపాను అతని చెట్లలో చాల వానిని కూల్చినది. అతడు తిరిగి నాటించిన మొక్కలు కాపునకు రాకమునుపే డయాలిసిస్ మొదలైనది. కొబ్బరినీటిలో పొటాషియము మెండు. చెడిన మూత్రపిండము దానిని వెడలద్రోయలేదు, గుండె లయ తప్పును. కావున తన తోటలోని నీరు తనకు నిషిద్ధము. తమ్ముని కొడుకు చేత ఒక బొండము కొట్టించి నా చేతికిచ్చి, నేను త్రాగునంతసేపు నా ముఖమునే పరీక్షగా చూచుచుండెను. నేను నొచ్చుకొనుట గ్రహించి కాబోలు, "మొహమాటం పడకండి, నాకు పనుంది" అనెను. ఏ చెట్టు కాయలను విత్తనమునకు ఉంచవలెనో నిర్ణయించుటకు పూర్వము తన నాలుకయే చాలెడిది. ఇపుడు వచ్చిన అతిథులందరి చేతను రుచి చూపించుచున్నాడు.

"తియ్యగున్నాదా?"

తియ్యగనే యున్నదంటిని. అతడు ఆ చెట్టు మొదటనున్న సున్నపు గుర్తు వంక చూచి, పెదవి విరిచెను.

"మొన్నొచ్చిన మేష్టారు చప్పగున్నాదన్నారు. ఇంకొకల్ని అడగాల."