మొక్కజొన్న పుట్టింట్లో

మెక్సికో నగరం సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మే నుండి అక్టోబరు వరకు అక్కడ మధ్యాహ్నం దాటగానే మబ్బులు కమ్ముకుంటాయి, గంటో రెండు గంటలో కురిసి వెళ్లిపోతాయి. ఆ తడి సాయంకాలాలలో వీధిలోకి ఏ బండి వచ్చిందో కిటికీ తెరవకుండానే చెప్పవచ్చు. రైలు కూతను తలపించే సన్నని ఆవిరి ఈల వినిపిస్తే అది కాల్చిన చిలగడదుంపల బండి. రికార్డు చేసిన గొంతు ఒకే మాటను పదేపదే పలుకుతూ ఉంటే అది తమాలెస్ బండి. మొక్కజొన్న బండికి ఏ శబ్దమూ అక్కరలేదు. పెద్ద పాత్ర మూత తీయగానే వచ్చే వాసనే చాలు.

ఉద్యోగరీత్యా మేము ఏడాదిన్నర పాటు ఆ నగరంలో నివసించాము. మాది గుంటూరు. పెద్దమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు, చిన్నవాడికి ఆరు. తినుబండారాల విషయంలో ఆ నగరం పిల్లలకు స్వర్గం వంటిది, కాని ముస్లిం తల్లిదండ్రులకు ప్రతి మూలమలుపూ ఒక పరీక్షే. తమాలెస్ పిండిని మెత్తగా చేసేది చాలాచోట్ల పందికొవ్వు. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలను వేయించేదీ తరచుగా అందులోనే. లెబనాన్ ప్రాంతం నుండి వలస వచ్చిన అరబ్బులు తమ షవర్మాను ఆ దేశానికి తెచ్చారు. పువెబ్లా నగరంలో దాని వంశంలోని వంటకాన్ని నేటికీ 'అరబ్బు తాకోలు' అనే పిలుస్తారు. నిలువు కమ్మీకి గుచ్చి తిప్పుతూ కాల్చే ఆ పద్ధతి మనకు తెలిసినదే. ఆ పలక చూసి పిల్లల కళ్లు మెరిశాయి. కాని నేడు ఆ కమ్మీకి ఎక్కుతున్నది సాధారణంగా పందిమాంసమే. "వద్దు నాన్నా" అని మేము ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఒకరోజు చిన్నవాడు, "మనకు ఇక్కడ ఏదీ లేదా?" అని అడిగాడు. వాడిది అలక కాదు, నిజమైన సందేహం. దీన్ అంటే వద్దన్న వాటి జాబితా అని ఆ పసి మనసులో ముద్ర పడితే దానిని చెరపడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాము.

ఆ తరువాతి ఆదివారం కొయొవకాన్ వెళ్లాము. నగరానికి దక్షిణాన ఉన్న పాత పేట అది. స్థానిక నవాత్ల్ భాషలో ఆ పేరుకు గుంటనక్క వంటి కొయోతెలు తిరిగే చోటు అని అర్థం. తోట నడుమ ఫౌంటెన్‌లో ఆ జంతువుల కంచు బొమ్మలు ఉన్నాయి. చుట్టూ మొక్కజొన్న బండ్లు. పొత్తును పుల్లకు గుచ్చి ఇస్తే దాని పేరు ఎలోతె. గింజలు ఒలిచి, ఎపసోతె అనే ఘాటైన ఆకుతో ఉడికించి గ్లాసులో పోసి ఇస్తే ఎస్కీతెస్. రెండూ నవాత్ల్ నుండి వచ్చిన మాటలే. పొత్తుకు మయొనీజు పూసి, పొడిపొడిగా రాలే ఉప్పటి జున్నులో దొర్లించి, కారం చల్లి, నిమ్మకాయ పిండుతారు.

ఇక్కడా అడగవలసినవి ఉన్నాయి. కొందరు ఎస్కీతెస్ పాత్రలో కోడికాళ్లో ఎముక మూలుగో వేస్తారు. పొత్తుకు కొందరు వెన్న కూడా రాస్తారు. స్పానిష్‌లో వెన్న 'మంతెకీయా', పందికొవ్వు 'మంతేకా'. రెండు మాటలూ వినికిడికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఆ తేడాను బడిలో నేర్చుకున్న పెద్దమ్మాయి మాకంటే ముందే బండి దగ్గరకు వెళ్లి, "యేవా మంతేకా?" అని అడిగింది. పందికొవ్వు వేస్తారా అని. బండి నడిపే పెద్దావిడ నవ్వి, "నో, మి రేనా" అన్నది. లేదమ్మా నా రాణీ, అని. పాత్ర మూత ఎత్తి లోపల ఉన్నది గింజలు, నీళ్లు, ఆకు మాత్రమేనని గరిటెతో తిప్పి చూపించింది. అడిగినందుకు ఆమె ఏమీ అనుకోలేదు. తన వంట గురించి ఒక పాప శ్రద్ధగా అడుగుతున్నదని సంతోషించినట్లే కనిపించింది.

జున్ను మాత్రం వద్దన్నాము. మిచోవకాన్ రాష్ట్రంలోని కోతీహా అనే ఊరి పేరు పెట్టుకున్న జున్ను అది. పాలు విరగడానికి వాడే రెనెట్ పశువు కడుపు నుండి తీసినదై, ఆ పశువు హలాల్‌గా జబహ్ కానిదైతే దాని విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. మేము జాగ్రత్త వైపే మొగ్గాము. "కారం మండేదా, మండనిదా?" అని ఆమె అడిగింది. అక్కడ ప్రతి బండి వద్దా అడిగే ప్రశ్న ఇది. గుంటూరు వాళ్లం కదా, మండేదే అన్నాము. అది మాకు కమ్మగా ఉంది. పిల్లలు బిస్మిల్లాహ్ చెప్పుకొని మూతులకు మయొనీజు పూసుకుంటూ తిన్నారు. చిన్నవాడు మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు.

ఆ పొత్తు మన స్వీట్‌కార్న్ వంటిది కాదు. గింజ పెద్దది, తెల్లనిది, తీపి తక్కువ. నమలవలసి వస్తుంది. తినేకొద్దీ రుచి దిగుతుంది. మొక్కజొన్నకు అదే పుట్టిల్లు. సుమారు 9,000 ఏళ్ల కిందట నైరుతి మెక్సికోలోని బల్సాస్ నదీ ప్రాంతంలో తెయొసింతె అనే గడ్డిజాతి మొక్క నుండి అక్కడి రైతులు దీనిని తీర్చిదిద్దారు. ఎండిన గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. దానిని నిష్తమాల్ అంటారు. తమలపాకుకు రాసుకునే సున్నానికి ఇంత పని ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. ఆ సున్నం వల్లనే గింజలోని నయాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. మొక్కజొన్నను తెచ్చుకుని ఈ పద్ధతిని తెచ్చుకోని యూరప్ పేదలు పెల్లాగ్రా వ్యాధితో తరాలపాటు బాధపడ్డారు.

పేర్ల కథ ఇంకా చిత్రమైనది. ఇటలీవారు దీనిని 'తురకధాన్యం' అన్నారు. తురుష్కులేమో 'మిసిర్' అన్నారు, అంటే ఈజిప్టు. ఎవరికి వారు ఇది పక్కింటి నుండి వచ్చిందనుకున్నారు, అసలు ఇల్లు మహాసముద్రానికి ఆవల ఉంది. మిరపకాయ కూడా ఆ గడ్డ నుండి వచ్చినదే. అది లేనినాడు గుంటూరు ఏమి తిన్నదో! నిమ్మ మాత్రం ఎదురు దిశలో వెళ్లింది. ఆసియాలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్ చేరి, స్పెయిన్‌వారి ఓడలెక్కి మెక్సికోలో దిగింది. అక్కడివారు దానిని 'లిమోన్' అంటారు. అది అరబీ 'లైమూన్'. చక్కెరకు, బియ్యానికి, నూనెకు వారు వాడే మాటలూ అరబీ సంతానమే. పక్కింటి ముసలమ్మ ఏదైనా ఆశించినప్పుడల్లా 'ఓహలా' అనేది. అల్లాహ్ తలిస్తే అనే అందలూసియా అరబీ మాట అది. గ్రనడా ముస్లింల చేజారినదీ, కొలంబస్ ఓడ బయలుదేరినదీ ఒకే సంవత్సరం, 1492. రాజ్యం పోయినా మాట ఓడెక్కింది. చియాపాస్ కొండలలో 1990ల నుండి ఇస్లాం స్వీకరించిన త్సొత్సిల్ తెగ కుటుంబాలు ఉన్నాయి. వారి దస్తర్‌ఖాన్ మీద ఉండేది మొక్కజొన్న రొట్టె.

గుంటూరు తిరిగి వచ్చాక వానాకాలం మొదలు కాగానే పిల్లలు ఎలోతె చేయమని పట్టుబట్టారు. ఇక్కడ అది సులువే. స్వీట్‌కార్న్ కాకుండా బండిమీద అమ్మే నాటు పొత్తులు తీసుకోవాలి. గింజను గోటితో నొక్కితే పాలు చిమ్మాలి. నాలుగు పొత్తులకు వంద గ్రాముల పనీరు సరిపోతుంది. నిమ్మరసంతో ఇంట్లోనే పాలు విరిచి చేసుకుంటే జున్ను గురించిన సందేహం ఉండదు. దానిని చిదిమి, కాస్త ఎక్కువే ఉప్పు కలిపి, పళ్లెంలో పరిచి ఫ్యాను కింద ఆరనిస్తే పొడిపొడిగా రాలుతుంది. మూడు చెంచాల మయొనీజుకు అంతే గట్టి పెరుగు, కొంచెం నిమ్మరసం కలపాలి. పెరుగును గుడ్డలో వడకట్టకపోతే పూత జారిపోతుంది. పొత్తు ఆకులను ఊడబీకకుండా వెనక్కు మడిచి కడితే పిల్లలకు పట్టుకునే పిడి అవుతుంది. బొగ్గుల మీద తిప్పుతూ అక్కడక్కడ నల్లమచ్చలు పడేవరకు కాల్చాలి. నిప్పు పని పెద్దలది. పీచు తీయడం, పనీరు చిదమడం, నిమ్మకాయ పిండడం, పూత పూయడం పిల్లలవి. కారం మన ఊరిది నేరుగా చల్లితే పసివాళ్లు తట్టుకోలేరు. సగానికి పైగా కాశ్మీరీ కారం కలపడం మేలు.

మా నానీమా మొదటి ముక్క కొరికి, ఈ తెల్లటిదంతా తుడిచి ఉప్పూ నిమ్మకాయా రుద్ది ఇమ్మన్నారు. ఆమె తీర్పును మేము గౌరవించాము. చిన్నవాడు మాత్రం పళ్లెం పట్టుకుని, "అన్నీ వేయాలా? మండేదా, మండనిదా?" అని స్పానిష్‌లో అడుగుతూ ఇల్లంతా తిరిగాడు.

ఎదురింటి పిల్లలిద్దరు వాసనకు గుమ్మంలోకి వచ్చారు. వారు గుడ్డు ముట్టరు. పెద్దపాప సందేహిస్తూ, "ఆంటీ, ఇందులో గుడ్డు ఉందా?" అని అడిగింది. మేము జవాబు చెప్పబోయేలోగా మా అమ్మాయి వంటగదిలోకి వెళ్లింది. మయొనీజు కలపకముందే ఒక గిన్నెలో పెరుగు పూత విడిగా తీసి పెట్టి ఉంచింది, దానికి వేరే చెంచా కూడా. గిన్నె మూత తీసి, లోపల ఏముందో ఆ పాపకు చెంచాతో తిప్పి చూపించింది.