నీళ్లు దిగితే నంది

తమిళనాడులో మా ధర్మపురి జిల్లా పడమటి అంచున, కావేరి బక్కచిక్కిన ఏడాది నీళ్లలోంచి ఒక నంది పైకి వస్తుంది. ముందు తల, తర్వాత మెడ, ఆ తర్వాత మూపురం. మెట్టూరు జలాశయం 120 అడుగుల నిండు మట్టంతో ఉన్నన్నాళ్లూ దాని ఊసే ఎవరూ ఎత్తరు. మట్టం డెబ్బై అడుగుల దరిదాపులకు పడిపోయిందంటే, పన్నవాడి దగ్గర మునిగిన జలకంఠేశ్వరుడి గుడి నంది కనిపించిందన్న మాట బస్సుల్లో, టీకొట్ల దగ్గర, పూల అంగళ్లలో వినపడుతుంది. నంది కన్నా ముందే పాత చర్చి గోపురాలు తేలతాయి. ఒకే నీళ్ల కింద రెండు మతాల వాళ్ల మొక్కులూ తొంభై ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి.

ధర్మపురి నుంచి పెన్నాగరం, అక్కణ్ణించి ఏరియూరు మీదుగా నాగమరై. గట్టు మీద నిలబడితే ఎదురుగా కనిపించేది సేలం జిల్లా, ఆ ఒడ్డునే పన్నవాడి. మధ్యలో పడవ దాటింపు. పైన హొగెనకల్ దగ్గర రాళ్ల మధ్య హోరెత్తిన కావేరి ఇదేనా అనిపించేంత నిదానంగా ఉంటుంది ఇక్కడ. నీళ్లు ఓ మోస్తరుగా దిగిన రోజుల్లో నంది ఉన్న చోటు చిన్న లంక. ఇంకా దిగితే ఒడ్డు నుంచి నడిచే వెళ్లొచ్చు. నేను వెళ్లింది నడిచి వెళ్లగలిగిన వేసవిలో. అప్పటి నుంచి ఆ నేల గురించి ఆలోచించడం మానలేకపోతున్నాను.

ఆ నేల గురించి ముందు చెప్పాలి. నంది ఫొటోలు అందరూ తీస్తారు, నేలను ఎవరూ చూడరు. పై పొర ఎండి పెంకులు పెంకులుగా పగిలింది. కాలు వేస్తే కింద ఇంకా మెత్తదనం. అక్కడక్కడా నత్తగుల్లలు, తెగిన వల ముక్కలు. నీరు వెనక్కి తగ్గిన కొద్దీ రైతులు ఆ ఒండ్రులో నువ్వులు, రాగి, సజ్జ, వేరుశనగ చల్లుకుంటారు. ఎరువు పెద్దగా అక్కర్లేదు, నది ఏళ్ల తరబడి తెచ్చి పోసిన బలం ఉంది. నిరుడు వల వేసిన చోట ఈ ఏడు కలుపు తీస్తుంటారు. పైరు ఎదిగేలోపు పైన కర్ణాటకలో వానలు పడితే అంతా నీటిపాలు. ఆ సంగతి తెలిసే విత్తుతారు. ఆ ధైర్యానికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను.

నంది దగ్గర ఒక అవ్వ కర్పూరం వెలిగిస్తోంది. మా ఇళ్లలో మాట్లాడే తెలుగే, తమిళపు యాసతో. "ఏ ఊరు అవ్వా?" అని అడిగితే, అమ్మగారిల్లు ఈ నీళ్ల కిందే ఉండేదని, తాను పుట్టకముందే లేచి వచ్చేశారని చెప్పింది. తర్వాత నందినే చూస్తూ అంది: "ఈ సామిని ఊరికే చూడాలని ఆశపడకూడదు నాయనా. ఈయన కనబడినాడంటే దిగువన వాళ్లకి కూడు లేదని."

దిగువన అంటే తంజావూరు, తిరువారూరు, నాగపట్నం. ఏటా జూన్ 12న మెట్టూరు నుంచి నీళ్లు వదలడం ఆనవాయితీ. ఆ నీటి మీదే కురువై వరి ఆధారపడుతుంది. నంది మెడ దాకా బయటపడిన ఏడాది జూన్ 12 అలాగే దాటిపోతుంది. మనం దర్శనానికి బయలుదేరిన రోజునే అక్కడెవరో నారుమడి దున్నాలా వద్దా అని ఆకాశం చూస్తుంటారు. చూడాలన్న కోరికా, చూడకుండా ఉండాలన్న కోరికా రెండూ నిజమే అయిన క్షేత్రం నాకు ఇదొక్కటే తెలుసు.

ఆనకట్ట పని 1925లో మొదలై 1934లో ముగిసింది. అప్పటి మద్రాసు గవర్నరు స్టాన్లీ పేరే జలాశయానికి పెట్టారు. 93 టీఎంసీలకు పైగా నీరు పడుతుంది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఊళ్లు వదిలినవాళ్ల గుళ్లూ చర్చీ ఉన్నచోటే నీళ్లకు వదిలేశారు. ఇరవై ఏళ్ల తర్వాత కృష్ణ మీద జరిగిన పని చూస్తే ఇది మనసును ఇంకా పట్టేస్తుంది.

1926లో శిథిలాలు బయటపడిన నాగార్జునకొండ లోయకు నాగార్జునసాగర్‌తో ముంపు ఖాయమైంది. 1954 నుంచి 1960 దాకా అక్కడ విస్తారంగా తవ్వారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, బౌద్ధ విహారాలు, స్తూపాలు, స్నానఘట్టం, వందకు పైగా కట్టడాలు వెలుగు చూశాయి. ముఖ్యమైన వాటిని విప్పి కొండ మీదికీ అనుపు గట్టుకూ చేర్చి మళ్లీ పేర్చారు. లోయ మునిగాక కొండ లంకగా మిగిలింది. ఇవాళ విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి వెళ్తే ఆ లంక మీద నడవొచ్చు, మ్యూజియం చూడొచ్చు. ఆ లంకను మనం చేతులతో కట్టుకున్నాం, అందుకే అది నాకు ఆత్మీయం.

మరో దారి నంద్యాల జిల్లా సంగమేశ్వరానిది. శ్రీశైలం నీళ్లు ఏటా ఆ గుడిని ముంచుతాయి, వేసవికి వదులుతాయి. నీరు దిగగానే బురద కడిగి పూజలు మొదలుపెడతారు. వరద మళ్లీ పైకి వస్తుంటే పూజారి నీళ్లలో నిలబడి ఆఖరి హారతి ఇస్తాడు. వేపదారు శివలింగం అక్కడే నీళ్ల కింద ఉంటుంది, మళ్లీ వేసవి దాకా. అక్కడి వాళ్లకు అది శిథిలం కాదు, కొన్ని నెలలు తలుపు వేసిన గుడి.

పన్నవాడికి అలాంటి ఏటేటి లెక్క లేదు. కొన్నిసార్లు ఏళ్ల తరబడి నీళ్లు దిగవు, కొన్నిసార్లు వరసగా దిగుతాయి. జనం వస్తారు, నంది మీదికెక్కి ఫొటోలు దిగుతారు, వెళ్తారు. పిల్లలు మూపురం మీద కూర్చుంటే నాకు గుండె జారింది. అన్నేళ్లు నీళ్లలో నానిన కట్టడం అది. నాగార్జునకొండలో చేసినట్టు మోసుకు పోవడం ఇప్పుడు ఎవరూ అడగరు. నీళ్లు దిగిన ఆ కొద్ది నెలల్లో గుడినీ చర్చినీ శ్రద్ధగా కొలిచి, బొమ్మలు గీసి, ఏ ఊరివాళ్లు ఎక్కడికి వెళ్లి స్థిరపడ్డారో మిగిలిన పెద్దవాళ్లను అడిగి రాసిపెడితే చాలు. ఆ అవ్వ లాంటి వాళ్లకు కూడా ఊరు గురించి విన్న మాటలే మిగిలాయి. ఆ మాటలూ పోతే నంది ఎవరిదో చెప్పేవాళ్లుండరు. మా జిల్లా కాలేజీ పిల్లలు ఒక్క వేసవి పూనుకున్నా ఈ పని అవుతుంది.

దానికి గడువు ఎంత తక్కువో 2024 చూపించింది. జూలై మొదట్లో మట్టం 40 అడుగుల దగ్గరుంది, జూన్ 12 నీళ్లు లేకుండానే గడిచింది. జూలైలోనే పైన వానలు విరుచుకుపడ్డాయి. 28న నీళ్లు వదిలారు, 30కల్లా 120 అడుగులూ నిండింది. నెల మొదట్లో జనం కాలినడకన తిరిగిన చోటు మునిగింది, మట్టం ఎనభై అడుగులు పెరిగింది. ఒండ్రులో వేసిన పైరు పోయింది. తంజావూరు వైపు మాత్రం సాంబా వరి నాటుకు నారు పోయడం మొదలైంది.